ఈ ఇంట నివసించెను

నేను ఒక పాలరాతి పలకని. పొడవు రెండడుగులు, వెడల్పు అడుగున్నర, మందం మీ బొటనవేలంత. నాకు రెండు వైపులా ఒకే మాట రెండు వేరు వేరు భాషల్లో చెక్కి ఉంది. ఆ మాట ముప్పై ఏడేళ్ళపాటు పచ్చి అబద్ధం. రాతి మీద రాసిందల్లా నిజమేనని మీ మనుషులకొక గట్టి నమ్మకం. ఆ రాసేది కూడా మీలాంటి మనిషేనన్న సంగతి మీకెప్పుడూ గుర్తుండదు.

నేను పుట్టింది సిలీసియా కొండల్లో. ఆ రోజుల్లో ఆ కొండలూ, వాటికి తూర్పున ఉన్న అడవులూ, దక్షిణాన సముద్రం దాకా ఉన్న ఊళ్ళూ అన్నీ ఆస్ట్రియా-హంగరీ అనే ఒకే ఏలుబడిలో ఉండేవి. పది పన్నెండు భాషలు, ఒక్క చక్రవర్తి. గనిలోంచి నన్ను కోసి, గడ్డిలో చుట్టి, రైల్లో జెల్మిన్ అనే ఊరికి పంపారు. పటంలో వెతక్కండి, చాలా చిన్న ఊరు. అక్కడ మెలిహార్ అనే రాతిపనివాడు నన్ను కొన్నాడు. ఆయన భార్య నన్ను చూడగానే ముచ్చటపడి, "దీన్ని నాకిచ్చెయ్యి, పిండి బల్లకి పనికొస్తుంది. పాలరాయైతే పిండి అంటుకోదు" అని అడిగింది. మెలిహార్ ఇవ్వలేదు. మునిసిపాలిటీ ఆర్డరు వచ్చిందన్నాడు. ఇచ్చి ఉంటే నా బతుకు హాయిగా, ఎవరి ఉసురూ తగలకుండా వెళ్ళిపోయేది.

ఆ ఏడు చక్రవర్తి గద్దెనెక్కి అరవై ఏళ్ళు. ఊరూరా పండగలు చేయమని పైనుంచి ఉత్తర్వులు. ప్రతి ఊరూ తన గొప్పవాళ్ళని వెతుక్కుంటోంది. పక్క ఊరికి ఒక సంగీతకారుడు దొరికాడు, ఆ పై ఊరికి కళ్ళ డాక్టరు దొరికాడు. జెల్మిన్ పెద్దలు నెలరోజులు తలలు బద్దలు కొట్టుకున్నారు. చివరికి వియన్నాలో అచ్చయిన ఒక పుస్తకంలో లియోపోల్డ్ స్తెబ్నిక్ అనే పేరు దొరికింది. కార్పాతియన్ కొండల్ని శిఖరం శిఖరం ఎక్కి కొలిచి, దేశపటాలు గీసిన సర్వేయరు. సైన్యం ఆయన పటాలు పట్టుకునే నడిచేది. సెలవుల్లో కొండలెక్కే దొరలూ అవే పట్టుకుని నడిచేవారు. ఆయన చచ్చిపోయి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. బతికున్నన్నాళ్ళూ ఆ బురదబూట్ల మనిషిని ఊళ్ళో పెద్దమనుషులెవరూ పలకరించిన పాపాన పోలేదు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు కదా, అదే.

పండగ కోసం వేసిన సంఘం వాళ్ళు చర్చి రికార్డులు తిరగేశారు. "స్తెబ్నిక్, ఇంటి నంబరు 31" అని ఉంది. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ రాజ్యంలో ప్రతి ఇంటికీ రెండు నంబర్లు ఉండేవి. మొదటిది పూర్వం ఒక మహారాణి హయాంలో, సైన్యానికి మగపిల్లల్ని లెక్కపెట్టడానికి ఇచ్చింది. ఇల్లు కట్టిన వరసని బట్టి నంబరు, కాబట్టి ముప్పై పక్కన నూట పది ఉన్నా ఆశ్చర్యం లేదు. దాన్ని గుమ్మం పైన నల్లరంగుతో రాసేవారు. రెండోది తర్వాత వచ్చింది, వీధి వరసని బట్టి, నీలం రేకు మీద. చర్చి రికార్డులో ఉన్నది పాత నంబరు. సంఘం వాళ్ళు నీలం రేకు వెతుక్కుంటూ పెద్దవీధిలో 31 దగ్గరికి వెళ్ళిపోయారు. స్తెబ్నిక్ బతికిన ఇల్లు తోళ్ళవీధిలో ఉంది. దాని నీలం రేకు మీద 6 అని ఉంటుంది. తోళ్ళు నానబెట్టి పదునుచేసే వాసన భరించలేక పెద్దమనుషులు ఆ వీధివైపు వెళ్ళరు. అక్కడివాళ్ళని అడగాలన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు. దేశమంతా కొలిచి, ఏ వాగు ఎక్కడుందో వేలెడు తేడా లేకుండా చూపించిన మనిషికి సొంత ఊళ్ళో ఇల్లు తప్పిపోయింది.

పెద్దవీధి 31లో ఒక మిఠాయి దుకాణం ఉండేది. యజమాని అంబ్రోజ్ కుబిష్, ముప్పై ఏళ్ళవాడు, ఆ ఇల్లు కొని రెండేళ్ళు. బేరాలు లేక ఈగలు తోలుకుంటున్నాడు. పండగకి వారం ముందు, నన్ను ఆయన గుమ్మం మీద బిగించే రోజున, సంఘం గుమాస్తా చర్చి రికార్డులోని చిరునామా చూసి పంపిన ఉత్తరం ఒకటి వచ్చింది. "కీర్తిశేషులు స్తెబ్నిక్ గారి కుటుంబానికి, ఇంటి నం. 31" అని కవరు మీద ఉంది. అందులో ఏముందో నాకప్పుడు తెలియదు. మేకులు కొట్టడానికి నన్ను దుకాణంలోకి తెచ్చి గోడకి ఆనించినప్పుడు, కుబిష్ దాన్ని చదివి, మడిచి, లోపలి జేబులో పెట్టుకోవడం మాత్రం చూశాను. వెనక్కి పంపాలి కదా. పంపితే సంఘం వాళ్ళకి అనుమానం వస్తుంది. అనుమానం వస్తే నేను ఎగిరిపోతాను, నాతోపాటు బేరాలూ ఎగిరిపోతాయి. మనిషి చెడ్డవాడు కాదు. ఆ వారం మాత్రం కాస్త పిరికివాడు, కాస్త ఆశపోతు.

పండగరోజు బాజాలు మోగాయి. నా మీది గుడ్డ తీశారు. "ప్రసిద్ధ పటకర్త లియోపోల్డ్ స్తెబ్నిక్ ఈ ఇంట నివసించెను." జనం చప్పట్లు కొట్టారు. గుంపు చివర ఒకామె చప్పట్లు కొట్టడం లేదు. ముప్పై మూడేళ్ళుంటాయి, బూడిదరంగు శాలువా, సూదిపోట్లతో గరుకెక్కిన వేళ్ళు. తోళ్ళవీధిలో చేతితొడుగులు కుడుతుంది. పేరు తేక్లా, స్తెబ్నిక్ ఒక్కగానొక్క కూతురు. ఆమెనెవరూ పిలవలేదు, బాజాలు వినబడి చూద్దామని వచ్చింది. తండ్రి పేరు తన ఇల్లు కాని ఇంటి మీద చూసి, జనం వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడిపోయింది.

తర్వాత దుకాణంలోకి వచ్చింది. గుమ్మం మీద ఉన్న నాకు మాటలన్నీ వినపడ్డాయి.

"అయ్యా, ఆయన... ఈ ఇంట్లోనే ఉండేవారా?"

"ఇక్కడేనండీ! పైగదిలో. కిటికీ దగ్గర కూచుని పటాలు గీసుకునేవారట," అన్నాడు కుబిష్. ఆమె ఎవరో అతనికి తెలియదు. ఆ రోజు అప్పటికి పాతికమందికి అదే చెప్పి ఉంటాడు.

"ఒక్కరేనా?"

"భలేవారే, అంత పెద్దమనిషి ఒక్కడే ఎందుకుంటాడండీ? ఇల్లాలూ, ఓ ఆడపిల్లా ఉండేవారు."

ఆమె తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళింది.

ఆ మాట ఆమెను ఎంత కోసిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. స్తెబ్నిక్ ఏడాదిలో ఎనిమిది నెలలు కొండల్లోనే ఉండేవాడు. కనుమలు మంచుతో మూసుకుపోతే పని ఆగిపోయేది. అప్పుడు నవంబరు పదిహేనుకి, సెయింట్ లియోపోల్డ్ రోజుకి ఇంటికొచ్చేవాడు. అక్కడ పుట్టినరోజు కన్నా, మనిషి పేరుగల సెయింట్ పండగే పెద్దది. తల్లికి జబ్బు చేశాక పదేళ్ళ తేక్లాయే పిండి పల్చగా వత్తి, పట్టీలుగా కోసి ఉడికించి, గసగసాలూ తేనే కలిపి తండ్రికి పెట్టేది. చివరి ఏడు ఆయన నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. దారంతా మంచు అన్నాడు. బూట్లు మాత్రం పొడిగా ఉన్నాయి. పదిహేనేళ్ళ పిల్ల అది చూసింది, చూసి మరిచిపోయింది. ఆ చలికాలమే ఆయన ఎక్కడో ఆసుపత్రిలో పోయాడు, సమాధి కూడా పరాయి ఊళ్ళో. ఇప్పుడు గుమ్మం మీద నన్ను చూశాక ఆ పొడిబూట్లు మళ్ళీ గుర్తొచ్చాయి. కొండల్లో ఉన్నానని చెప్పిన ఎనిమిది నెలలూ మా నాన్న పెద్దవీధిలోనే, ఇంకో ఇల్లాలితో, ఇంకో కూతురితో ఉన్నాడా అన్న అనుమానం ఆమెను తొలిచేసింది. ఎవరినైనా అడిగితే తెలిసేదే. అడిగితే తండ్రి పరువు పోతుందని నోరు కుట్టేసుకుంది. తోళ్ళు కుట్టే మనిషికి అదేమంత కష్టం కాలేదు.

నా మీద రాసింది తప్పని నాకు తెలుసు. ఉత్తరాన్ని దాచిన ఆ రాత్రి... కాదు, ఆ మర్నాడు పొద్దున, కుబిష్ తన భార్యతో గుమ్మం కిందే ఆ మాట అన్నాడు: "పాత నంబరనుకుంటానే. మన ఇల్లు కాదు." ఆవిడ "ష్, ఊరుకో" అంది. నోరుంటే నేను అరిచేదాన్ని. నా వంటి నిండా అక్షరాలు పెట్టారు గానీ, వాటిల్లో ఒక్కటీ నాది కాదు.

దుకాణం మాత్రం వెలిగిపోయింది. కొండ ఆకారంలో, పైన పంచదార మంచుతో 'స్తెబ్నిక్ కేకు' వచ్చింది. పైగదిలో ఎక్కడో కొన్న పాత వృత్తలేఖిని, ఎవరివో బూట్లు, ఒక కుర్చీ పెట్టి 'మహనీయుని గది' అన్నారు. చూడటానికి టికెట్టు. దూరం నుంచి వచ్చినవాళ్ళు ఆ బూట్లు చూసి కళ్ళు తుడుచుకునేవారు. మీరు గొప్పవాళ్ళని ప్రేమించే పద్ధతి నాకిప్పటికీ అర్థం కాదు. మనిషి ఉన్నప్పుడు పొయ్యి దగ్గర చోటివ్వరు, పోయాక బూట్లకి గది కడతారు.

తేక్లా ఏటా నవంబరు పదిహేనున వచ్చేది. మొదటి ఏడు టికెట్టు కొనుక్కుని తన తండ్రి గది చూడటానికి మెట్లెక్కింది. గంటసేపు ఆ కుర్చీ ఎదురుగా నిలబడి కిందికి వచ్చింది. ఆమె వెళ్ళాక, కేకు కొనడానికి వచ్చిన తోళ్ళవీధి ముసలావిడ కుబిష్‌తో, "పాపం, మన స్తెబ్నిక్ పిల్ల కదూ అది" అంది. కుబిష్ చేతిలోని పళ్ళెం కిందపడి ముక్కలైంది. మరుసటి ఏడు నుంచి ఆమె దగ్గర టికెట్టు తీసుకోలేదు. "మీకక్కర్లేదండీ" అనేవాడు, మొహం పక్కకి తిప్పుకుని. ఎందుకో ఆమెకు తెలియదు. జాలి అనుకునేది. నిజం చెప్పేద్దామని ప్రతి ఏడూ అతను గుమ్మం దాకా వచ్చేవాడు, ప్రతి ఏడూ "చలి జాస్తిగా ఉంది, జాగ్రత్త" అని వెనక్కి వెళ్ళేవాడు.

ఆమె పోయేముందు ఒక్క నిమిషం నా కింద ఆగేది. ఒకసారి తలెత్తి మెల్లిగా, "నాన్నా, ఆ పిల్ల పేరేంటి?" అని అడిగింది. ఎంత ఒంటరిగా ఉంటే మనిషి రాతిని అడుగుతుంది! రాయి ఎంత ఒంటరిదో ఆ రోజు నాకూ తెలిసింది. జవాబు తెలిసి చెప్పలేకపోవడం కన్నా, తెలియకపోవడమే నయం.

యుద్ధం వచ్చింది. చక్రవర్తి పోయాడు, రాజ్యం ముక్కలైంది, జెల్మిన్ మీద కొత్త జెండా ఎగిరింది. కొత్త ప్రభుత్వానికి నా మీది భాష నచ్చలేదు. స్తెబ్నిక్ మాత్రం నచ్చాడు, ఆయన మొదటినుంచీ తమవాడేనట. రాయి దండగెందుకని నన్ను ఊడదీసి, వెనక్కి తిప్పి, వీపు మీద తమ భాషలో అదే అబద్ధం చెక్కి మళ్ళీ బిగించారు. ఇల్లు సరైనదో కాదో ఈసారీ ఎవరూ చూడలేదు. నా మొదటి ముఖం గోడకేసి నొక్కుకుపోయింది. పాతికేళ్ళు ఒక కంటితో సున్నం చూశాను, ఇంకో కంటితో వీధి చూశాను. తేక్లా జుట్టు నెరవడం, కుబిష్ నడుం వంగడం ఆ రెండో కంటితోనే చూశాను.

ఇంకో యుద్ధం వచ్చింది, ఇంకో జెండా. ఈ మూడో ప్రభుత్వానికి చక్రవర్తులకి పటాలు గీసినవాడు ఏ భాషవాడైనా పనికిరాలేదు. నాకా మూడో వైపు లేదు. గునపంతో పెకలించి, అగ్నిమాపక కేంద్రం వెనక రాళ్ళకుప్పలో పడేశారు. ఒక మూల విరిగింది. దుకాణం సర్కారుదైపోయి రొట్టెలు పంచే కేంద్రమైంది. కుబిష్‌ని అందులోనే రొట్టెలబండి తోసే పనిలో పెట్టుకున్నారు. నవంబరు పదిహేను వచ్చింది. మహనీయుని గది లేదు, నేనూ లేను. తేక్లా రాలేదు.

ఆ మధ్యాహ్నం కుబిష్ రొట్టెలబండితో రాళ్ళకుప్ప దగ్గరికి వచ్చాడు. అరవై ఏడేళ్ళ మనిషి, ఆయాసపడుతూ నన్ను బండిలోకి దొర్లించి, పైన గోనె కప్పి, తోళ్ళవీధి వైపు తోసుకెళ్ళాడు. అటువైపు వెళ్ళడం అతనికి అదే మొదటిసారి. ఆరో నంబరు తలుపు తట్టాడు.

తేక్లా తలుపు తీసి, బండినీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "ఏంటండీ ఇది?"

"మీది తేక్లా గారూ. మీ ఇంటికి రావాల్సింది. ముప్పై ఏడేళ్ళు ఆలస్యమైంది."

జేబులోంచి ఆ ఉత్తరం తీసిచ్చాడు. మడతల దగ్గర చిరుగులు పట్టింది. ఆమె గుమ్మంలోనే నిలబడి చదివింది, పైకే చదివింది: "చర్చి రికార్డు ప్రకారం 31 నంబరు ఇంట భార్య యుస్తీనాతోనూ, కుమార్తె తేక్లాతోనూ నివసించిన కీర్తిశేషుల స్మారక ఫలకావిష్కరణకు, కుమారి తేక్లా గారు ముఖ్య అతిథిగా..."

అక్కడ ఆగిపోయింది.

"అది పాత నంబరండీ," అన్నాడు కుబిష్. "మీ ఇంటిదే. ఇల్లాలూ ఆడపిల్లా అని నేను ఆ రోజు చెప్పింది ఈ కాగితంలో చూసే. ఆ పిల్ల మీరేనని అప్పటికి తెలీదు. తెలిశాక చెప్పే ధైర్యం రాలేదు."

ఆమె లోపలికెళ్ళి కత్తి తెచ్చి, స్టూలెక్కి, గుమ్మం పైన గోకడం మొదలుపెట్టింది. సున్నం పొరలు పొరలుగా రాలింది. ఏటా పండక్కి వాళ్ళమ్మ వేసిన సున్నం, తర్వాత తను వేసిన సున్నం. అన్నిటికీ అడుగున నల్లరంగు బయటపడింది. మూడు, దాని పక్కన ఒకటి. డెబ్భై ఏళ్ళు ఆ అంకె కిందనుంచే ఆమె లోపలికీ బయటికీ తిరిగింది. స్టూలు దిగి దాని మీదే కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"ముప్పై ఏడేళ్ళు మా నాన్నని అనుమానించానయ్యా! ఆయన పేరు పెట్టి ఒక్క దీపం వెలిగించలేదు నేను. సమాధి చూడ్డానికీ వెళ్ళలేదు."

"తప్పు నాదమ్మా."

"నీదే!" అంది ఆమె గట్టిగా. కళ్ళు తుడుచుకుని, తనలో తనే అంది: "మరి ఆ బూట్లు? మంచు మీద జారే స్లెడ్జి బండి ఎవరిదో ఎక్కి వచ్చుంటాడు. ఓ మాట అడిగితే చెప్పేవాడే. నేనే అడగలేదు."

ఇద్దరూ కలిసి నన్ను లోపలికి మోశారు. కిటికీ కింద స్తెబ్నిక్ చలికాలాల్లో పటాలు గీసిన బల్ల ఇంకా అక్కడే ఉంది. "ఏ వైపు పైకి?" అని అడిగాడు కుబిష్. "ఏదైనా ఒకటే," అందామె. నా పాత ముఖం పైకి వచ్చింది, పాతికేళ్ళ తర్వాత వెలుతురు చూసింది. ఆమె నన్ను వేణ్ణీళ్ళతో కడిగి, ఆ రేషను రోజుల్లో ఉన్న కాస్త పిండీ కలిపి, నా మీదే వేసి వత్తింది. మెలిహార్ భార్య చెప్పింది నిజమే, పిండి అంటుకోలేదు. ఎత్తి చూస్తే నా అక్షరాలు పిండి మీద తిరగబడి, ఉబ్బెత్తుగా లేచాయి. ఆమె వాటిని ఒకసారి వేలితో నిమిరి, తర్వాత పట్టీలుగా కోసింది. గసగసాలు గుప్పెడే ఉన్నాయి. తేనె లేదు.

కుబిష్ టోపీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆమె ఒక గిన్నె అతని ముందుకి తోసింది.

"కూచుని తినండి. క్షమించానని కాదు. పొద్దుట్నుంచీ బండి తోశారు, ఆకలేస్తూ ఉంటుంది."

అతను తింటూ ఏడ్చాడు. ఆమె చూడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ తిన్నది.

తర్వాత తొమ్మిది నవంబర్లు ఆ గిన్నెలు రెండూ నా మీద ఉండేవి. పదో ఏడు ఒక్కటే ఉంది. ఆమెదే. కుబిష్ ఆ వేసవిలో పోయాడు. ఆ పై ఏడు ఒక్కటీ లేదు. ఇల్లు ఎవరెవరి చేతులో మారింది. గుమ్మానికి మళ్ళీ సున్నం వేశారు.

ఇప్పుడు జెల్మిన్‌లో నాలుగో జెండా. వాళ్ళకీ గొప్పవాళ్ళు కావలసొచ్చి, పాత ఫైళ్ళు తీసి, పెద్దవీధి 31 మీద మెరిసే ఇత్తడి ఫలకం బిగించారట. యాత్రికులు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారట. కూరగాయలు తరుగుతూ ఈ ఇంటావిడ ఫోన్లో ఎవరికో చెబుతుంటే విన్నాను. ఎప్పుడైనా వెళ్ళి చూడాలి, మన ఊరివాడే కదా, అంది. నా మీద పూలపూల నూనెగుడ్డ పరిచి, దాని మీద గ్యాస్ పొయ్యి పెట్టుకుంది. మంచి మనిషే. పాత బల్ల పైన ఏదో రాయి ఉందని మాత్రమే ఆమెకు తెలుసు.

నా మీద ఉన్న మాట ఇప్పుడు అక్షరం అక్షరం నిజం. ఆయన ఈ ఇంట నివసించెను. ఆమె కూడా. నవంబరు పదిహేను వచ్చినప్పుడల్లా ఎవరైనా ఆ గుడ్డ ఎత్తి పిండి వత్తుతారేమోనని చూస్తాను. పొయ్యి వెలుగుతుంది, గిన్నెలు మారుతాయి, గుడ్డ ఎవరూ ఎత్తరు.